ఎలుకకు గొట్టం, పాపాయికి ఉగ్గుగిన్నె

పోయిన శ్రావణమాసంలో ఒకరోజు ఉతికిన బట్టలు మడతలు పెడుతుంటే మావారి సాక్సు ఒకటి తక్కువొచ్చింది. ఇల్లంతా వెతికాను. చివరికి మా పెద్దమ్మాయి గదిలో దొరికింది. దాన్నిండా దూది కూరి, మూతి బిగించి, వెనకాల పురికొస ముక్క తోకలా కుట్టి ఉంది. మా పిల్ల మంచం మీద బాసింపట్టు వేసుకు కూర్చుని, ఎడంచేత్తో ఆ సాక్సును పట్టుకోవడం, వదలడం, మళ్ళీ పట్టుకోవడం. "ఇరవైమూడేళ్ళొచ్చి బొమ్మలాటలేమిటే?" అన్నాను. "బొమ్మ కాదమ్మా, ఎలుక. రేపట్నుంచి నిజందాన్ని పట్టుకోవాలి, చెయ్యి వణక్కూడదు" అంది.

మా పెద్దది బీఫార్మసీ అయ్యాక ఎంఫార్మసీలో ఫార్మకాలజీ తీసుకుంది. మందు ఒంట్లోకి వెళ్ళాక గుండె ఏం చేస్తుంది, కాలేయం ఏం చేస్తుంది, రక్తంలో చక్కెర ఎటు పోతుంది, ఇదీ ఆ చదువు. పుస్తకంలో బొమ్మలు చూస్తే సరిపోదట. బతికున్న ఒంట్లో చూడాలట. ఆ ఒళ్ళు ఎలుకది.

ఉన్నమాట చెప్పాలి కదా, నాకు నచ్చలేదు. మా అత్తయ్యగారికైతే అసలే నచ్చలేదు. మా ఇంట్లో ఎలుక దూరితే బోనుపెట్టి పట్టి, ఊరిచివర చెరువుగట్టు మీద వదిలిరమ్మంటారావిడ. "ముందు వినాయకచవితి ఉంది, ఆయన వాహనంతో నీకేం పనే తల్లీ?" అని మనవరాలిని నిలదీశారు. పిల్ల నవ్వేసి ఊరుకుంది.

నా అయిష్టానికి ఇంకో కారణముంది. నేనూ ఇంటర్ బైపీసీ చదివినదాన్నే. మా కాలేజీలో జువాలజీ ప్రాక్టికల్ అంటే కప్ప. క్లోరోఫాం సీసాలో వేసి, మైనం ట్రే మీద వెల్లకిలా పెట్టి, నాలుగు కాళ్ళకీ గుండుసూదులు గుచ్చి కోసేవాళ్ళం. ఎందుకు కోస్తున్నామో ఎవరూ చెప్పలేదు. బొమ్మ గీసి రికార్డులో అంటిస్తే మార్కులు. వెనక బెంచీ మగపిల్లలు ఒకరి మీదకి ఒకరు విసురుకునేవారు. నా కప్పకు మత్తు సరిగ్గా ఎక్కలేదు. సగం కోశాక కాలు కదిలింది. ఇప్పటికీ మర్చిపోలేదు చూడండి. నా కూతురూ అదే పని చేస్తోందనుకున్నాను.

కానీ కాలం మారింది. డిగ్రీ, పీజీ జువాలజీ పిల్లలు కప్పల్నీ వానపాముల్నీ కోయనక్కర్లేదని 2014లో యూజీసీ ఆ పద్ధతి మాన్పించింది. ఎంబీబీఎస్ పిల్లలకు కప్ప గుండె మీద ఏ మందు ఏం చేస్తుందో కంప్యూటర్ తెర మీదే చూపించే ఏర్పాట్లు వచ్చాయి. ఇక పరిశోధన నేర్చుకునేవాళ్ళు జంతువును ముట్టుకోవాలంటే దానికి పెద్ద తతంగమే ఉంది. అది తర్వాత చెబుతాను. ముందు మా పిల్ల ఏం నేర్చుకుందో వినండి.

మొదటి పదిరోజులూ ఏమీ చేయనివ్వలేదట. సూది లేదు, మందు లేదు, కత్తెర లేదు. పొద్దున్నే వెళ్ళి బోనుల్లో ఊక మార్చడం, నీళ్ళ సీసాలు కడగడం, ఎలుకల్ని ఒక్కొక్కదాన్నీ తీసి త్రాసులో తూచి మళ్ళీ లోపల పెట్టడం. ప్రొఫెసర్ గారు పాఠం చెప్పేది గదిలోనే అయినా, చేతిపని నేర్పింది మాత్రం ఆ జంతువుల గదిని ముప్పయ్యేళ్ళుగా చూసుకుంటున్న అటెండరు బాబాయి. చదివింది పదోతరగతట. ఆయన మొదట చెప్పిన మాట, "అమ్మా, వచ్చేముందు సెంటు కొట్టుకు రాకు, గట్టిగా మాట్లాడకు. పైనుంచి గభాల్న చెయ్యి పెట్టకు. పైనుంచి వచ్చేది వాటి లెక్కలో గద్ద."

ఎలుకను తోక చివర పట్టుకు ఎత్తితే తోకతోలు ఊడొస్తుందట. అరచెయ్యి ఛాతీ కిందుగా పోనిచ్చి, బొటనవేలూ చూపుడువేలూ దవడల కింద ఆనించి, రెండో చేత్తో వెనకకాళ్ళకి ఆసరా ఇవ్వాలి. గట్టిగా నొక్కితే ఊపిరాడదు. వదులుగా పట్టుకుంటే తిరిగి కరుస్తుంది. నాకు వెంటనే నెలపిల్లకు నీళ్ళుపోయడం గుర్తొచ్చింది. కాళ్ళమీద వేసుకున్న బిడ్డను ఎంత గట్టిగా పట్టుకోవాలో ఏ పుస్తకంలో ఉంది చెప్పండి? మా అమ్మ నా చేతిమీద తన చెయ్యి వేసి చూపించింది, అంతే.

ఈ పట్టుకోవడం గురించే పెద్దపెద్ద పరిశోధనలు జరిగాయట. ఇంగ్లండులో లివర్‌పూల్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2010లో తేల్చారు: చిట్టెలుకల్ని తోకపట్టి ఎత్తితే బెంబేలుపడి మూలకి నక్కుతాయి, దోసిట్లోకి గానీ చిన్న గొట్టంలోకి గానీ ఎక్కించుకుంటే మనుషులకి దగ్గరవుతాయి. ఇంకో సంగతి చెబితే మీరు నవ్వుతారు. కెనడాలో మెక్‌గిల్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2014లో కనిపెట్టారు. గదిలో మగవాళ్ళుంటే ఎలుకలు హడలిపోతాయట, ఆడవాళ్ళుంటే అంత భయం లేదట. మగవాడు వేసుకు విడిచిన చొక్కా పక్కన పెట్టినా చాలునట! కాసేపటికి అలవాటు పడతాయనుకోండి. ఈ ముక్క మావారికి వినపడేలా రెండుసార్లు చదివించాను.

తర్వాత బీపీ. ఎలుకకు బీపీ చూస్తారని నేనెప్పుడూ వినలేదు. మనకు చేతికి కట్టే పట్టీలాంటిదే చిన్నది తోకకి తొడుగుతారు. ఎలుకను గాజులాంటి గొట్టంలో కదలకుండా ఉంచి, తోక వెచ్చబడ్డాక, పట్టీలోకి గాలి ఎక్కించి మెల్లిగా వదులుతారు. ఎలుక గుండె నిమిషానికి మూడు నాలుగు వందలసార్లు కొట్టుకుంటుందట. అయినా పై బీపీ మాత్రం మనలాగే 120 దరిదాపుల్లోనే ఉంటుందట. మొదటిరోజు మా పిల్లకి వచ్చిన అంకెలు 150, 155. అప్పటికింకా ఏ తిండీ మార్చలేదు, ఏ మందూ ఇవ్వలేదు. పక్కనున్న సీనియర్ "నీ మిషను పాడైంది" అన్నాడట. అటెండరు బాబాయి మాత్రం, "మిషను బాగానే ఉంది. ఎలుకే బాగాలేదు, భయపడింది" అన్నాడట. ఆయన చెప్పినట్టు వారంరోజులు రోజూ కాసేపు ఆ గొట్టంలో ఊరికే కూర్చోబెట్టి, బయటికి తీసి, చేతిలో నిమిరి బోనులో వదిలింది. ఎనిమిదోరోజు చూస్తే 118, 122.

ఈ మాట వినగానే మా అత్తయ్యగారు మంచం మీంచి లేచి కూర్చున్నారు. "నేను చెబితే విన్నారా మీరు? ఆసుపత్రిలో 170 అంటాడు, ఇంట్లో 140 ఉంటుంది!" డాక్టరు గదిలో అడుగుపెట్టగానే బీపీ పెరగడం చాలామందికి ఉన్నదే. ఆరోజునుంచి ఆవిడకు ఎలుకల మీద ఏదో చుట్టరికం కలిసినట్టయింది. రోజూ సాయంత్రం "మీ ఎలుకలెలా ఉన్నాయే?" అని అడగడం మొదలుపెట్టారు.

ఇక అసలు ప్రయోగం. ఎలుకలు పద్దెనిమిది, ఆరేసి చొప్పున మూడు గుంపులు. మొదటి గుంపుకి మామూలు నీళ్ళు. రెండో గుంపుకి తాగే నీళ్ళలో నూటికి పదిపాళ్ళు ఫ్రక్టోజు, అంటే పండ్లలో ఉండే చక్కెర, కూల్‌డ్రింకుల తీపిలోనూ సగందాకా ఉండేదే. వారాల తరబడి అది తాగితే ఎలుకలకు రక్తంలో కొవ్వు, బీపీ పెరుగుతాయని ముందే తెలిసిన సంగతి. మూడో గుంపుకి అవే తీపినీళ్ళు, దాంతోపాటు రోజూ మెంతుల సారం. మొత్తం ఎనిమిది వారాలు. వారానికోసారి బరువు, బీపీ, తోక చివరినుంచి ఒక్క బొట్టు రక్తంలో చక్కెర. ఏది ఏదో గుర్తుండటానికి పిక్రిక్ ఆమ్లంతో ఒంటిమీద పసుపుచుక్క పెడతారు. ఒకదానికి నెత్తిన, ఒకదానికి నడుం మీద, ఒకదానికి తోక మొదట్లో. "పసుపుబొట్టు పేరంటాలు" అన్నాను నేను. అన్నీ మగ ఎలుకలేనట! దాని సంగతీ చెబుతాను ఆగండి.

మెంతుల సారం ఎలుక తానుగా తాగదు కదా, చేదు. అందుకని వంపు తిరిగిన సన్నటి ఉక్కు గొట్టం, చివర గుండ్రటి బొడిపె ఉంటుంది, దాన్ని నోట్లోంచి కడుపులోకి దించి సిరంజితో పోయాలి. కిలో బరువుకి పది మిల్లీలీటర్ల లెక్కన, రెండొందల గ్రాముల ఎలుకకి రెండు మిల్లీలీటర్లు. తూచకుండా ఉజ్జాయింపున పోస్తే లెక్కంతా పాడు. నాకు వింతగా తోచింది ఇంకొకటి. మందు లేని గుంపులకి కూడా రోజూ అదే గొట్టం దించి, అన్నే వట్టి నీళ్ళు పోయాలట. పాపం వాటికెందుకే అంటే, "గొట్టం వేస్తే కలిగే కంగారు అందరికీ సమానంగా ఉండాలమ్మా. లేకపోతే తేడా మెంతులవల్ల వచ్చిందో గొట్టంవల్ల వచ్చిందో ఎలా తెలుస్తుంది?" అంది. రెండు గిన్నెల్లో పప్పు పెట్టి, ఒకదాన్లో ఇంగువ వేసి, ఇంకోదాన్లో ఉప్పు కూడా తగ్గిస్తే రుచి తేడా ఇంగువదని ఎలా చెబుతాం? అలాగన్నమాట.

గొట్టం వేయడం మొదలుపెట్టిన నాలుగోరోజు మా పిల్ల ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పకుండా వాకిట్లోనే కూర్చుండిపోయింది. రెండో గుంపులో నడుం మీద బొట్టున్న ఎలుక చేతిలోనే చచ్చిపోయింది. బస్సుకి టైమైపోతోందని తొందరలో గొట్టం దించింది. ఎలుక గింజుకుంది. అప్పుడు ఆపాల్సింది, ఆపకుండా నీళ్ళు వదిలింది. ముక్కులోంచి నీళ్ళు కారాయి, అయిపోయింది. పశువుల డాక్టరు కోసి చూస్తే ఊపిరితిత్తుల్లో నీరు. "నేను చంపానమ్మా. జబ్బుతో పోలేదు, వయసైపోయి పోలేదు. నేను తొందరపడ్డాను, చచ్చిపోయింది" అని ఏడుపు. అన్నం ముట్టలేదు. రేపట్నుంచి కాలేజీకి వెళ్ళనంది.

దానికి తోడు ఇంకో ముల్లు. సీనియర్ ఒకతను, "రిజిస్టర్లో జబ్బుచేసి పోయిందని రాసెయ్, ఎవరడుగుతారు?" అన్నాడట. అలా రాస్తే గొడవ లేదు. నిజం రాస్తే కమిటీకి సంజాయిషీ ఇవ్వాలి, తన చేతిపని మీద మచ్చ.

నాకేం చెప్పాలో తెలియలేదు. ఒకపక్క "మానెయ్యవే, ఈ పాపిష్టి చదువు మనకొద్దు" అనాలని నాలుక చివరిదాకా వచ్చింది. నా కప్ప కాలు కళ్ళముందు కదిలింది. ఇంకోపక్క రెండేళ్ళ ఫీజు, పిల్ల పడ్డ కష్టం. మావారు ఊళ్ళో లేరు. నేనలా నిలబడి ఉండగానే అత్తయ్యగారు పూజగది బీరువాలోంచి ఏదో తీసుకొచ్చి దాని ఒళ్ళో పెట్టారు. మా పెద్దదానికీ చిన్నదానికీ వాడిన వెండి ఉగ్గుగిన్నె.

"ఇది దేనికో తెలుసా? నీకు దీనితోనే వాము నీళ్ళు పోశాను. కాళ్ళమీద పడుకోబెట్టుకుని ముక్కు ఏటవాలుగా పెదవి పక్కన ఆనించి, ఒక్క చుక్క పొయ్యాలి. గుటక పడేదాకా ఆగాలి. గుటక పడ్డాక ఇంకో చుక్క. ఏడుస్తున్నప్పుడు పొయ్యకూడదు, పొలమారుతుంది. మా రోజుల్లో అలా పొలమారి పోయిన పిల్లలున్నారు. పోసే చేతిదే తప్పు. అయినా పొయ్యడం మానేశారా ఎవరైనా?" అన్నారు. మా పిల్ల దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. వంపు తిరిగిన ముక్కు, కొసన నున్నగా గుండ్రంగా. "నాయనమ్మా, మా గొట్టమూ ఇలాగే ఉంటుంది" అంది. ఆ పూట అంతకుమించి ఏమీ మాట్లాడలేదు.

మర్నాడు వెళ్ళింది. రిజిస్టర్లో "గొట్టం వేయడంలో జరిగిన పొరపాటువల్ల" అని రాసి సంతకం పెట్టింది. కమిటీ వాళ్ళు పిలిచి అడిగారు. మళ్ళీ పదిహేనురోజులపాటు అటెండరు బాబాయి పక్కనుండగా తప్ప చేయకూడదన్నారు. రెండో గుంపులో ఎలుకలు ఐదే మిగిలాయి. ఆరోది కొత్తది కలపడానికి వీల్లేదు. ఆ ఖాళీ అలాగే థీసిస్‌లో అచ్చవుతుంది. ఇప్పుడు గొట్టం ముందు నోటినుంచి చివరి పక్కటెముకదాకా ఒంటిమీద పెట్టి కొలుస్తుందట. దించేటప్పుడు తోయదు, ఎలుక గుటక వేస్తుంటే దానంతటదే జారిపోనిస్తుంది. కొంచెం అడ్డుతగిలినట్టున్నా బయటికి తీసేసి మళ్ళీ మొదలుపెడుతుంది. బస్సు తప్పిపోతే ఇంకో బస్సు.

ఇప్పుడు ఆ తతంగం సంగతి. మనదేశంలో జంతువుల మీద క్రూరత్వాన్ని అరికట్టే చట్టం 1960లో వచ్చింది. దాని వెనక ఉన్నది ఒక ఆడమనిషి. భరతనాట్యానికి పేరు తెచ్చిన రుక్మిణీదేవి అరండేల్. 1952లో ఆవిడ రాజ్యసభకు వెళ్ళి, పట్టుబట్టి మూగజీవాల గురించి బిల్లు పెట్టారు. ఆ చట్టం కింద కేంద్రప్రభుత్వం ఒక కమిటీ వేసింది. ప్రయోగాలు చేసే ప్రతి కాలేజీలోనూ ఒక నైతిక సంఘం ఉండాలి. అందులో సైంటిస్టులతోపాటు పశువుల డాక్టరు ఉండాలి, కేంద్రం తరఫు మనిషి ఉండాలి, సైన్సుతో సంబంధం లేని, లోకజ్ఞానమున్న బయటి మనిషి ఒకరుండాలి. మనలాంటివాళ్ళన్నమాట! మా పిల్ల ఎలుకను ముట్టుకోకముందే ఆ సంఘానికి అర్జీ పెట్టుకుంది. ఎలుకే ఎందుకు, గాజుపళ్ళెంలో పెంచిన కణాలతో ఎందుకు కుదరదు, పద్దెనిమిదే ఎందుకు, నొప్పి తగ్గించడానికి ఏం చేస్తావు, చివరికి వాటినేం చేస్తావు, అన్నిటికీ జవాబు రాయాలి. ఇంగ్లండులో రస్సెల్, బర్చ్ అనే ఇద్దరు 1959లో రాసిన పుస్తకం నుంచి వచ్చిన మూడు సూత్రాలు దీనికి ఆధారమట. ప్రాణికి బదులు ఇంకోటి దొరికితే అదే వాడు, తప్పకపోతే తక్కువ వాడు, వాడినవాటికి బాధ తగ్గించు.

అత్తయ్యగారు షుగరు మనిషి. రోజూ భోజనానికి ముందు పొట్టమీద ఇన్సులిన్ పెన్ను పొడుచుకుంటారు. ఒక రాత్రి మా పిల్ల ఆవిడకి ఆ కథ చెప్పింది. 1889లో ఇద్దరు జర్మన్ డాక్టర్లు ఒక కుక్కకి క్లోమగ్రంథి తీసేస్తే దానికి షుగరు జబ్బు వచ్చింది. జబ్బు మూలం ఎక్కడుందో అప్పుడు తెలిసింది. కెనడాలోని టొరంటోలో 1921 ఎండాకాలంలో బాంటింగ్, బెస్ట్ అనే ఇద్దరు కుర్రాళ్ళు కుక్కల మీద పని మొదలుపెట్టారు. మొదటి వారాల్లో చాలా కుక్కలు ఆపరేషన్లు తట్టుకోలేక పోయాయి. చేతులు కుదురుకున్నాక, క్లోమంనుంచి తీసిన రసం ఎక్కిస్తే షుగరు కుక్కల రక్తంలో చక్కెర దిగింది. మార్జరీ అనే కుక్క ఆ రసంతోనే రెండు నెలలకు పైగా బతికింది. 1922 జనవరిలో లియొనార్డ్ థామ్సన్ అనే పద్నాలుగేళ్ళ పిల్లాడికి మొదటిసారి ఇచ్చారు. మొదటి సూది సరిగ్గా పనిచేయలేదు. శుభ్రం చేసిన మందు పన్నెండు రోజుల తర్వాత ఇస్తే పనిచేసింది. మీ పెన్ను మీద పది యూనిట్లు, పన్నెండు యూనిట్లు అని తిప్పుతారే, ఆ యూనిట్ అనే కొలతను మొదట్లో నిర్ణయించింది కుందేలు రక్తంలో చక్కెర ఎంత దిగిందన్నదాన్ని బట్టేనట.

అత్తయ్యగారు పెన్ను మూత పెట్టి చాలాసేపు చేతిలోనే ఉంచుకున్నారు. "ఆ కుక్క పేరు ఏమన్నావే?" అన్నారు. "మార్జరీ, నాయనమ్మా." ఆవిడకి నోరు తిరగలేదు. "మజ్జరి" అనుకున్నారు.

ఇక మగ ఎలుకల సంగతి. ఆడ ఎలుకలకు నాలుగైదు రోజులకోసారి ఒంట్లో హార్మోన్ల చక్రం తిరుగుతుంది. దానివల్ల అంకెలు అటూ ఇటూ అవుతాయన్న భయంతో దశాబ్దాలపాటు శాస్త్రవేత్తలు మగవాటితోనే పని కానిచ్చేశారట. మందు మాత్రం ఆడా మగా అందరూ మింగుతారు! నిద్రపట్టడానికి ఇచ్చే జాల్పిడెం అనే మాత్ర ఆడవాళ్ళ ఒంట్లోంచి ఆలస్యంగా పోతుందనీ, మర్నాడు పొద్దున కూడా మత్తు ఉంటుందనీ తేలి, అమెరికా మందుల సంస్థ 2013లో ఆడవాళ్ళ మోతాదు సగానికి తగ్గించమంది. అన్నాళ్ళూ మగవాడి కొలతే మనకీ. ప్రయోగాల్లో ఆడా మగా రెంటినీ లెక్కలోకి తీసుకోవాలని అక్కడి జాతీయ ఆరోగ్య సంస్థలు 2016లో నియమం పెట్టాయి. ఆడవి మరీ అంత తేడాగా ఉంటాయన్న భయం కూడా నిజం కాదని అప్పటికే లెక్కలు తీసి చూపించారట. మా పిల్ల తమ సారుని అడిగింది, మనం ఆడవాటిని ఎందుకు పెట్టలేదని. "ఈసారికి మగవే కానీ అమ్మా, టైం లేదు" అన్నారట. ఎన్నిసార్లు విన్నాం ఆ మాట!

నేను మాత్రం ఒక ప్రశ్న వదల్లేదు. "మెంతులు మనం రోజూ తింటూనే ఉన్నాం. హైదరాబాదు తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళు 1990 ప్రాంతంలోనే షుగరు మనుషులకి మెంతిపొడి పెట్టి చూశారని నువ్వే చెప్పావు. మళ్ళీ ఎలుకలెందుకే?" అన్నాను. వెంటనే జవాబు చెప్పలేదు. తర్వాత, "మనిషికి కావాలని ఎనిమిది వారాలు తీపినీళ్ళు పట్టి జబ్బు తెప్పించలేం, చివర్లో కాలేయం తీసి చూడలేం. అది ఒక కారణం. ఎలుకలో కనిపించినదంతా మనిషిలో కనిపించదు, అదీ నిజమే. ఎలుకకి పిత్తాశయమే లేదు, వాంతి చేసుకోవడమూ రాదు. కానీ అమ్మా, సగం కారణం నేను నేర్చుకోవడం. రేపు నిజంగా ఒక కొత్త మందు నా చేతికి వస్తే, అప్పుడు చెయ్యి వణక్కూడదు కదా" అంది.

సగం నేర్చుకోవడానికి. ఆ మాట నాకింకా గొంతులో అడ్డంపడినట్టే ఉంది. దాపరికం లేకుండా చెప్పినందుకు సంతోషమే, కానీ ముద్ద దిగదు. మీ ఇళ్ళల్లో ఎవరైనా ఇలాంటి చదువు చదువుతుంటే, మీరేమనుకున్నారో నాకు రాయండి. మా ఆడపడుచు ఒకావిడైతే "ఎలుకల్ని కోసే పిల్లంటే సంబంధాలు రావు, ఆఫీసు చదువని చెప్పండి" అని సలహా ఇచ్చింది. చెప్పను. చూడవచ్చిన వాళ్ళెవరైనా అడిగితే ఎలుకకి బీపీ చూస్తుందని చెబుతాను, కావాలంటే వాళ్ళకీ చూస్తుంది.

వచ్చే మంగళవారంతో ఎనిమిది వారాలు నిండుతాయి. ఆ రోజు పదిహేడింటికీ మత్తుమందు ఎక్కువ మోతాదు ఇచ్చి, రక్తమూ కాలేయమూ తీసి పరీక్షకు పంపాలి. ఒకదాన్ని చూసి ఇంకోటి బెదరకుండా వేరే గదిలో, ఒక్కొక్కదాన్నే తీసుకెళ్ళాలట. ముందురోజు దాకా చేతిలో నిమిరినవే. సీనియర్లు చేసిపెడతామన్నా మా పిల్ల ఒప్పుకోలేదు. తెలిసిన చెయ్యయితే వాటికి కంగారు తక్కువ, అందుకని తనే పట్టుకుంటానంది. ఐదింటికే లేపమంది. ఆరోజు ఏమీ తినబుద్ధి కాదు, డబ్బా వద్దంది. అయినా పెరుగన్నం, నిమ్మకాయ ఊరగాయ పెట్టి పంపుతాను. అత్తయ్యగారు ఉగ్గుగిన్నె మళ్ళీ బీరువాలో పెట్టలేదు. దాని పుస్తకాల బల్ల మీదే ఉంది.

అన్నట్టు, ఊరగాయ జాడీల్లో బూజు గురించి అడిగినవాళ్ళకి వచ్చేవారం తప్పకుండా జవాబు రాస్తాను.